నీలం మూత గొట్టం దగ్గర రాజీపడని ల్యాబ్: గుంటూరు కొత్తపేటలో ఆరు నెలల అనుభవం

మా తమ్ముడికి 31 ఏళ్లు. చిన్నపేగు చివరి భాగంలో క్రోన్స్ వ్యాధి (దీర్ఘకాలం వేధించే ఒక పేగువాపు జబ్బు) ఉన్నట్టు నాలుగేళ్ల కిందట తేలింది. నిరుటి వేసవిలో మలద్వారం పక్కన చీముగడ్డ లేచింది. కోత పెట్టి చీము తీసేశారు గానీ, ఆ గాయం వారాలు గడిచినా మానలేదు. కట్టు మార్చిన ప్రతిసారీ గాజుగుడ్డ ఎర్రగా తడిసి వచ్చేది. ఆనాటి నుంచి ఆరు నెలల్లో మేము కొత్తపేటలోని ఒక రక్తపరీక్షల కేంద్రానికి పదకొండు సార్లు వెళ్లాము. ఈ సమీక్ష ఆ కేంద్రం గురించే. దానిని నడిపే పాథాలజిస్టు డాక్టరు గారు తమ పేరు గానీ ల్యాబ్ పేరు గానీ వేయవద్దని కోరారు కనుక వేయడం లేదు. అయినా, రక్తం గడ్డకట్టే పరీక్షలను ఒక ల్యాబ్ ఏ విధంగా చేస్తే నమ్మవచ్చో వివరంగా రాస్తే, పేగువాపు జబ్బుతో బాధపడేవారి ఇళ్లలో అది తప్పక అక్కరకు వస్తుందని నమ్మి రాస్తున్నాను. నేను జూనియర్ కళాశాలలో జీవశాస్త్రం చెబుతాను. రక్తస్కందనం పాఠం ఏటా చెప్పేదే. అయితే ఆ పాఠంలోని ఒక్కొక్క మాటకు ఎంత బరువు ఉందో ఈ ఆరు నెలల్లోనే నాకు తెలిసివచ్చింది.

ముందు, ఈ ల్యాబ్‌కు ఎందుకు రావలసి వచ్చిందో చెప్పాలి. తమ్ముడు ఉండేది నరసరావుపేటలో. అక్కడ వేరొక ల్యాబ్‌వారి సేకరణ కేంద్రంలో రక్తం ఇచ్చాడు. పొద్దున తీసిన ఆ రక్తం మే నెల ఎండలో ద్విచక్ర వాహనం మీద గుంటూరు చేరి, పరీక్ష యంత్రం ఎక్కేసరికి సాయంత్రమైంది. రిపోర్టులో ఐఎన్ఆర్ 1.9 అనీ, ఏపీటీటీ 51 సెకన్లు అనీ వచ్చింది. రెండూ రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే అంకెలే, ఐఎన్ఆర్‌ను పీటీ అనే పరీక్ష నుంచి లెక్కిస్తారు. అవి పెరిగితే రక్తం ఆలస్యంగా గడ్డకడుతున్నదని అర్థం. ఆరోగ్యవంతుల్లో ఐఎన్ఆర్ 1కి దగ్గరగా ఉంటుంది, ఏపీటీటీ చాలా ల్యాబ్‌లలో 25 నుంచి 35 సెకన్ల మధ్య ఉంటుంది. ఆ అంకెలు చూసి, వెన్నులో మత్తు ఇవ్వడం ప్రమాదమని మత్తు డాక్టరు గారు ఒప్పుకోలేదు. గాయం లోపల ఫిస్టులా (పేగు నుంచి చర్మం దాకా పడే అసహజమైన సొరంగం) దారి వెతికి, చీము నిలవకుండా అందులో సీటన్ అనే దారం వేయవలసిన ఆపరేషన్ వాయిదా పడింది. అంతకంటే నన్ను కలవరపెట్టినది మరొకటి ఉంది. ఆసుపత్రిలో పడుకొని ఉన్న రోగికి కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా ఇచ్చే హెపారిన్ సూదిని కూడా ఆ రిపోర్టు చూసే ఆపేశారు.

రిపోర్టు మీద మా జీర్ణకోశ వైద్యుల వారికి అనుమానం వచ్చింది. మళ్లీ పరీక్ష చేయించమని ఆయన చెప్పిన చోటే ఈ కొత్తపేట ల్యాబ్.

అక్కడ రక్తం తీసే ఆవిడ దాదాపు నా వయసు మనిషి. తమ్ముడి చేతుల్లో నరాలు సరిగా దొరకవు కాబట్టి బటర్‌ఫ్లై సూది పెట్టారు. మొదట ఒక ఖాళీ గొట్టంలోకి కొద్దిగా రక్తం లాగి దాన్ని పక్కన పారవేసి, ఆ తరువాతే నీలం మూత గొట్టం తగిలించారు. ఎందుకు పారవేశారని అడిగాను. సూదికి ఉన్న సన్నటి పైపులో గాలి ఉంటుందనీ, ముందే నీలం గొట్టం తగిలిస్తే ఆ గాలి లోపలికి పోయి అంత మేరకు రక్తం తక్కువ పడుతుందనీ చెప్పారు. అంత జాగ్రత్త పడినా రక్తం గీతకు అర అంగుళం కింద ఆగిపోయింది. ఆవిడ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, “అమ్మా, ఇది గీత దాకా రాలేదు. ఇంకో చేతికి గుచ్చాలి. దీన్నే లోపలికి పంపితే రిపోర్టు వస్తుంది గానీ, అది తమ్ముడి గారి రక్తం చెప్పే మాట కాదు” అన్నారు. నొప్పి పడుతున్న మనిషిని రెండోసారి గుచ్చడానికి ఏ ఉద్యోగికైనా మనసొప్పదు. అయినా ఆవిడ ఆ గొట్టాన్ని లోపలికి పంపలేదు.

నీలం మూత గొట్టంలో 3.2 శాతం సోడియం సిట్రేట్ ద్రావణం ముందే కొలిచి పోసి ఉంటుంది. తొమ్మిది పాళ్లు రక్తానికి ఒక పాలు సిట్రేట్ అన్నది లెక్క. రక్తం గడ్డకట్టడానికి కాల్షియం కావాలి, సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే రక్తం గొట్టంలో ద్రవంగానే నిలుస్తుంది. పరీక్షలో మళ్లీ కొలిచిన కాల్షియం కలిపి, గడ్డ ఏర్పడడానికి ఎన్ని సెకన్లు పడుతుందో యంత్రం చూస్తుంది. రక్తం తక్కువ పడితే సిట్రేట్ మిగిలిపోయి, పరీక్షలో కలిపిన కాల్షియాన్ని కూడా కొంత మింగేస్తుంది. దాంతో గడ్డ ఆలస్యంగా కట్టినట్టు కనిపిస్తుంది, మనిషిలో లేని లోపం కాగితం మీద పుడుతుంది. ఆలస్యమూ ఇటువంటిదే. ఏపీటీటీ చేయడానికి రక్తం తీసిన నాలుగు గంటల లోపు ప్లాస్మాను పరీక్షకు పెట్టాలి. అంతకు మించితే గడ్డకట్టే కారకాల్లో సున్నితమైనవి క్షీణిస్తాయి. నరసరావుపేటలో తీసిన గొట్టంలో ఈ రెండు తప్పుల్లో ఏది జరిగిందో, రెండూ జరిగాయో ఇప్పుడు తేల్చలేము. ఆ సేకరణ కేంద్రంలో గొట్టం గీత దాకా నిండిందో లేదో ఎవరూ చూడలేదని మాత్రం తమ్ముడు గట్టిగా చెబుతాడు.

కొత్తపేట ల్యాబ్‌లో రెండు గంటల్లో ఫలితం వచ్చింది: ఐఎన్ఆర్ 1.5, ఏపీటీటీ 34 సెకన్లు. ఏపీటీటీలో లోపం లేదు. ఐఎన్ఆర్ మాత్రం ఇంకా ఎక్కువే. ఈ రిపోర్టును కౌంటరులో పెట్టి ఊరుకోకుండా పాథాలజిస్టు డాక్టరు గారు స్వయంగా మా వైద్యుల వారికి ఫోన్ చేశారు. ఒకటి పెరిగి రెండోది మామూలుగా ఉండడం విటమిన్-కె కొరత మొదటి దశలో కనిపించే తీరు అని చెప్పారట. కాలేయంలో తయారయ్యే 2, 7, 9, 10 కారకాలు పనిచేయాలంటే విటమిన్-కె కావాలి. వాటిలో 7వ కారకం రక్తంలో కొద్ది గంటలే నిలుస్తుంది కనుక ముందు తరిగేది అదే, అందుకే ముందు పెరిగేదీ ఐఎన్ఆరే.

తమ్ముడి విషయంలో ఆ కొరతకు కారణాలు చేతికందేంత దగ్గరలో ఉన్నాయి. విటమిన్-కె కొవ్వుతో పాటు ఒంటికి పడుతుంది. కొవ్వు పట్టడానికి పైత్యరస లవణాలు కావాలి. ఆ లవణాలను తిరిగి పీల్చుకునే చోటు సరిగ్గా చిన్నపేగు చివరి భాగం, అంటే అతని జబ్బు ఉన్న చోటే. దానికి తోడు చీముగడ్డ కోసం వారాల తరబడి వాడిన యాంటీబయాటిక్ మందులు పేగులో విటమిన్-కె తయారుచేసే సూక్ష్మజీవులను కూడా తుడిచిపెట్టాయి. తిండి సంగతి చెప్పనక్కరలేదు. విరేచనాల భయంతో అతను ఆకుకూర ముట్టుకొని ఎన్ని నెలలైందో! గోంగూర లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టినవాడు పెరుగన్నం, ఇడ్లీ తప్ప ఏమీ తినడం లేదని మా అమ్మ రోజూ బాధపడేది. విటమిన్-కె సూది వేసిన రెండు రోజులకు ఇదే ల్యాబ్‌లో ఐఎన్ఆర్ 1.1కి దిగింది. మత్తు డాక్టరు గారు ఒప్పుకున్నారు, సీటన్ దారం పడింది.

నేను ఈ ల్యాబ్‌ను మెచ్చుకోవడానికి మరో పెద్ద కారణం ఉంది. రక్తం కారుతున్న మనిషికి గడ్డకట్టే శక్తి తక్కువగా ఉందా అనే ఒక్క ప్రశ్నతో వారు ఆగలేదు. వైద్యుల వారు రాసిన చీటీ ప్రకారం అదే రక్తంలో ఫైబ్రినోజన్ (గడ్డకు పోగులనిచ్చే ప్రోటీన్), ప్లేట్‌లెట్లు, డి-డైమర్ (గడ్డ కరిగినప్పుడు మిగిలే ముక్క) కూడా చూశారు. ఫైబ్రినోజన్ సాధారణంగా డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటుంది, తమ్ముడికి 580 ఉంది. ప్లేట్‌లెట్లు 5.8 లక్షలు ఉన్నాయి, అంటే పై హద్దు అయిన నాలుగున్నర లక్షలు దాటాయి. పేగులో మంట రగులుతున్నప్పుడు కాలేయం ఫైబ్రినోజన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, మజ్జ ప్లేట్‌లెట్లను ఎక్కువగా వదులుతుంది. నాళాల లోపలి పొర కూడా గడ్డకు అనుకూలంగా మారుతుంది. పుండు దగ్గర కారుతున్న రక్తమే కాలి సిరలో గడ్డ కట్టడానికి కూడా సిద్ధంగా ఉంటుందన్నమాట. పేగువాపు జబ్బు ఉన్నవారిలో సిరల్లో గడ్డలు కట్టే ప్రమాదం మిగతా వారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, జబ్బు ముదిరిన రోజుల్లో అంతకంటే ఎక్కువ. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు బార్జెన్, బార్కర్ అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే మరో పేగువాపు జబ్బు) రోగుల్లో ఇటువంటి గడ్డలను 1936లోనే వివరించారు. స్టెరాయిడ్ మందులు ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి, పైగా గాయం మానడాన్ని నెమ్మదింపజేస్తాయి.

“రక్తం కారుతుంటే రక్తం పలచబడే సూది ఏమిటక్కా?” అని తమ్ముడు ఆసుపత్రిలో నన్ను అడిగాడు. అతనిదే కాదు, ఈ జబ్బు ఉన్న ప్రతి ఇంట్లో ఉండే భయమిది. ప్రాణానికి ముప్పు తెచ్చేంత రక్తస్రావం లేనప్పుడు, మలంలో కొద్దిగా రక్తం పడుతున్నా సరే, ఆసుపత్రిలో చేరిన పేగువాపు రోగికి హెపారిన్ రక్షణ ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. సరైన రిపోర్టు చేతికి వచ్చి, ఐఎన్ఆర్ దిగిన తరువాత, మా వైద్యుల వారు ఆ సూదిని రోజుకొకటి చొప్పున మళ్లీ మొదలుపెట్టారు. తప్పు రిపోర్టు వల్ల అతను ఆ రక్షణ లేకుండా ఉన్న నాలుగు రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది.

డి-డైమర్ విషయంలో కూడా ఈ ల్యాబ్‌వారి తీరు నచ్చింది. అది పెరిగి వచ్చిన రోజు నేను కౌంటరు దగ్గరే బెంబేలెత్తిపోయాను. డాక్టరు గారు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఒంట్లో మంట ఉన్నా, మానని గాయం ఉన్నా డి-డైమర్ పెరుగుతుందనీ, అది మామూలుగా ఉన్నప్పుడు గడ్డ లేదని చెప్పడానికే ఎక్కువగా ఉపయోగపడుతుందనీ, పెరిగినప్పుడు కాలి వాపు, నొప్పి చూసుకొని సిరల్లో రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కానింగ్‌తో తేల్చుకోవాలనీ ఓపికగా చెప్పారు. డాప్లర్‌లో గడ్డ లేదు.

ఇక 13వ కారకం. ఐఎన్ఆర్ సరిపోయింది, సీటన్ దారం పడింది, అయినా గాయం అంచులు మెత్తగా, నీరు కారుతూనే ఉన్నాయి. కట్టు మార్చిన నాడు ఆగిన రక్తం మరుసటి రోజు మళ్లీ ఊరేది. అప్పుడు ఈ కారకం చూద్దామని అన్నది పాథాలజిస్టు డాక్టరు గారే. నేను పాఠంలో ఫైబ్రినోజన్ ఫైబ్రిన్‌గా మారడంతో గడ్డ పూర్తయినట్టు చెప్పేదాన్ని. నిజానికి అప్పటికి ఏర్పడేది వదులు అల్లిక మాత్రమే. 13వ కారకం ఆ పోగులను ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేస్తుంది, గడ్డను కరిగించే ఎంజైములకు లొంగకుండా కాపాడే ప్రోటీన్‌ను ఆ అల్లికలో బిగిస్తుంది. గాయం మాన్పే కణాలు పాకి వచ్చి కొత్త కండ పట్టేది ఆ బిగువైన అల్లిక మీదనే. లాకీ, లోరాండ్ అనే శాస్త్రవేత్తలు 1948లో దీని ఉనికిని చూపారు. పుట్టుకతో ఇది లేని పిల్లవాడిని 1960లో స్విట్జర్లాండ్ వైద్యులు వివరించారు. ఆ బిడ్డలో రక్తం ఆగి మళ్లీ కారడమే కాక గాయాలు సరిగా మానకపోవడం కూడా వారు గమనించారు.

ఇందులో మోసం ఏమిటంటే, పీటీ, ఏపీటీటీ పరీక్షలు ఈ లోపాన్ని పట్టుకోలేవు. గడ్డ కనిపించగానే యంత్రం గడియారం ఆపుతుంది, 13వ కారకం పని మొదలయ్యేది ఆ తరువాత. రెండు పరీక్షలూ బాగున్నాయని రక్తంలో ఏ లోపమూ లేదనుకోవడానికి వీల్లేదన్న మాట నేను ఆ రోజు నేర్చుకున్నాను. ఈ ల్యాబ్‌లో ఆ పరీక్ష లేదు, లేదని దాచకుండా చెప్పారు. ప్లాస్మాను వేరుచేసి, అతిశీతలంలో మంచులా ఘనీభవింపజేసి, పొడి మంచుతో హైదరాబాదుకు పంపారు. ఆరో రోజు ఫలితం వచ్చింది: 46 శాతం. ఆ ల్యాబ్ కనీస హద్దు 70.

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ ముదిరినప్పుడు ఈ కారకం రక్తంలో తగ్గడం కొత్త సంగతి కాదు. పేగు పుండ్ల దగ్గర అది ఖర్చైపోతుంది. మరి బయటి నుంచి ఎక్కించవచ్చు కదా అని అడిగాను. డాక్టరు గారు తొందరపడలేదు. యూరప్‌లో 1990లలో ఆ ప్రయత్నం చేశారనీ, తొలి చిన్న అధ్యయనాల్లో ఆశ పుట్టినా, స్టెరాయిడ్లకు లొంగని కొలైటిస్ రోగుల మీద పోల్చి చూసినప్పుడు అదనపు మేలు కనిపించలేదనీ చెప్పారు. “ఇది తగ్గడం వల్ల జబ్బు వచ్చిందని అనుకోకండమ్మా, జబ్బు వల్ల ఇది తగ్గింది. మంట ఆరితే అదే పెరుగుతుంది” అన్నారు. అంత ఖరీదైన పరీక్ష రాసిన మనిషే అంత ఖరీదైన మందు వద్దనడం నా మనసులో నిలిచిపోయింది.

ఆ మాట నిజమైంది. క్షయ లేదని పరీక్షలతో నిర్ధారించుకొని, జూలైలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ (రోగనిరోధక వ్యవస్థను అణచి పేగు మంటను ఆర్పే మందు) మొదలుపెట్టారు. మొదటి మూడు మోతాదులు ఆరు వారాల్లో, తరువాత ఎనిమిది వారాలకు ఒకటి. పేగు లోపలి పుండు మానుతున్నదా లేదా అన్నది మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో మంట ఉంటే పెరిగే ప్రోటీన్) ద్వారా ఈ ల్యాబ్‌లోనే చూశాము. జూన్‌లో 1,340 ఉన్నది సెప్టెంబరుకు 210, నవంబరుకు 95 అయింది. డబ్బా ఇచ్చేటప్పుడే పొద్దున మొదటి విరేచనం తేవాలనీ, వారం రోజులుగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకొని ఉంటే చెప్పాలనీ, అవి ఈ అంకెను పెంచగలవనీ చెప్పారు. అసలు ఆ మాత్రలు ఈ జబ్బులో పేగుకు చేటు చేస్తాయని మాకు ఎవరూ అంతకుముందు అంత సూటిగా చెప్పలేదు. అక్టోబరులో ఫైబ్రినోజన్ 340కి దిగింది, ప్లేట్‌లెట్లు 3.1 లక్షలకు వచ్చాయి. 13వ కారకం ఏ మందూ ఎక్కించకుండానే 82 శాతానికి చేరింది.

ధరలు మరీ తక్కువేమీ కావు. పీటీ, ఏపీటీటీ రెండూ కలిపి మాకు ఎనిమిది వందల దాకా, డి-డైమర్ పన్నెండు వందల దాకా అయ్యాయి. హైదరాబాదు పంపిన పరీక్ష ఐదు వేలు దాటింది. రక్తం రెండోసారి తీయవలసి వచ్చినప్పుడు అదనంగా ఏమీ తీసుకోలేదు. ఇంటికి వచ్చి రక్తం తీసే సదుపాయం ఉంది గానీ, గడ్డకట్టే పరీక్షలకు మాత్రం నగరం దాటి రారు. నరసరావుపేట వాళ్లం మాకిది ఇబ్బందే, అయినా కారణం తెలిశాక కోపం రాలేదు.

లోపాలు కూడా ఉన్నాయి, వాటిని డాక్టరు గారికి ముఖాముఖి చెప్పాను. ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. వేచి ఉండే గదిలో ఉన్నవన్నీ ఇనుప కుర్చీలే. సీటన్ దారంతో ఉన్న మనిషి వాటి మీద అరగంట కూర్చోవడం నరకం, తమ్ముడు ఎప్పుడూ నిలబడే ఉండేవాడు. అన్నిటికంటే బాధ పెట్టినది మరుగుదొడ్డి. ఉన్నది ఒక్కటే, దాని తాళంచెవి కౌంటరులో ఉంటుంది. విరేచనం తన్నుకొస్తున్న మనిషి వరుసలో నిలబడి తాళంచెవి అడగవలసి రావడం కంటే అవమానం ఉండదు. జూలైలో ఒక రోజు తమ్ముడు ఆ పరిస్థితిలో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను చెప్పిన తరువాత రెండు దిండ్లు వచ్చాయి. తాళం మాత్రం నవంబరులో కూడా అలాగే ఉంది.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ తాళానికే.

మే నెలలో తమ్ముడి గాయంలోకి మా అమ్మ జానెడు గాజుపట్టీ దూర్చేది. ఆగస్టుకు అది బొటనవేలంత అయింది. నవంబరులో పదకొండోసారి ల్యాబ్‌కు వెళ్లిన రోజున రక్తం తీసే ఆవిడ నీలం గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, గీత దాకా నిండిందని తల ఊపి, నెమ్మదిగా నాలుగుసార్లు తిరగేసి లోపలికి పంపారు. తరువాత “గాయం ఎలా ఉంది బాబూ?” అని అడిగారు. తమ్ముడు ఇనుప కుర్చీలో, దిండు లేకుండా, కూర్చునే జవాబు చెప్పాడు.